1952లో మన పేరు

ఊరగాయలూ, పిల్లల దగ్గులూ, పాత చీరలతో బొంతలూ ఈ కార్యక్రమంలో ఎప్పుడూ ఉండేవే. ఈవేళ 1952 సంవత్సరం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఐదేళ్ళయినా నిండలేదు. రాజ్యాంగం అమలుకొచ్చి రెండేళ్ళు. కొత్త కాపురం వంటి దేశం. 21 ఏళ్ళు నిండిన ప్రతి మనిషినీ పిలిచి, "ఎవరు పాలించాలో మీరే చెప్పండి" అంది. 1951 అక్టోబరులో మొదలైన ఓటింగు 1952 ఫిబ్రవరి దాకా సాగింది. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు.

అంతకు ముందు ఆడవాళ్ళకి ఓటే లేదా అంటే, ఉంది. మనం అప్పుడు మద్రాసులో భాగం గదా, అక్కడ 1921లోనే వచ్చింది. కాకపోతే ఆస్తో, పన్నో ఉండాలి. 1935 చట్టం వచ్చాక చదువొచ్చిన వాళ్ళకీ, ఆస్తిపరుల భార్యలకీ కొంత చోటిచ్చారు. అంటే మగడి పొలాన్ని బట్టి ఇల్లాలికి ఓటు అన్నమాట! పొలమూ లేక, అక్షరమూ రాని మనిషి మాటేమిటి? ఆవిడ ఊసే లేదు.

మా పిఠాపురం తరతరాలుగా జమీందారీ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ జమీందారీ పోయింది. ఆ తర్వాత వచ్చిన మొదటి ఎన్నికల్లో మహారాజా వారికీ ఒకటే ఓటు, కోటలో నీళ్ళు మోసిన మనిషికీ ఒకటే ఓటు. ఈ మాట ఇప్పుడు మామూలుగా ఉంది గానీ, అప్పటి వాళ్ళకెలా ఉండి ఉంటుందో ఊహించండి.

అసలు చిక్కు జాబితా దగ్గర వచ్చింది. పేర్లు రాసుకునే వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి "మీ పేరేమిటమ్మా?" అని అడిగితే, బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వైపు లక్షలమంది స్త్రీలు పేరు చెప్పలేదు. "ఫలానా వారి భార్యను", "ఫలానా వాడి తల్లిని" అన్నారు. వీళ్ళూ అలాగే రాసుకుపోయారు. అప్పటి ఎన్నికల ప్రధాన కమిషనరు సుకుమార్ సేన్ గారు అది కుదరదన్నారు. సొంత పేరు లేనిదే ఓటు లేదన్నారు. చివరికి సుమారు 28 లక్షల మంది స్త్రీలను జాబితాలోంచి తీసేశారు. దేశంలో ఆడ ఓటర్లంతా కలిపి 8 కోట్లు అనుకుంటే, ఇదేం చిన్న లెక్క కాదు.

ఆయన చేసింది సబబేనని నా ఉద్దేశం. ఫలానా వారి భార్యనంటూ రేపు ఎవరొచ్చి నిలబడినా కాదనడం ఎలాగ? కానీ ఆ ఇల్లాళ్ళనే తప్పు పట్టడం న్యాయం కాదు. పరాయి మగాడి ముందు పేరు పలకకూడదని నేర్పిన వాళ్ళెవరు? గుమ్మంలో నిలబడి, మరోసారి అడక్కుండా రాసుకుపోయిన వాళ్ళెవరు? ఓటు పోయింది మాత్రం ఆవిడకి.

మన వైపు ఈ బాధ అంతగా లేదు. మనకి సిగ్గల్లా మగడి పేరు దగ్గరే! మా అమ్మమ్మ కాపురం పిఠాపురంలోనే. జాబితా రాయడానికొచ్చిన ఆయనకి తన పేరు గడగడా చెప్పేసిందట. "భర్త పేరు?" అనేసరికి తలుపు చాటుకి పోయి, "కొండ మీద స్వామి పేరేనండీ" అందట. ఏ కొండ, ఏ స్వామి? అన్నవరం మాకు పక్కనే, తిరుపతి ఉండనే ఉంది. ఆఖరికి పక్కింటి కుర్రాణ్ణి ముందుకు తోసి, "ఒరే అబ్బాయీ, తాతయ్యగారి పేరు చెప్పరా" అని గట్టెక్కిందట.

అప్పటి ఓటు తమాషాగా ఉండేది. కాగితం మీద ముద్ర వెయ్యడం లేదు. తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనప పెట్టె, దాని మీద గుర్తు. కాడెద్దుల పెట్టె, కంకి కొడవలి పెట్టె, గుడిసె పెట్టె. నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. పార్లమెంటుకొకటి, అసెంబ్లీకొకటి. చదువు రాకపోయినా చెయ్యి తడబడదు. వేలికి సిరా మాత్రం అప్పుడూ ఉంది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ జాబితాలో మగవాళ్ళకన్నా మనమే ఎక్కువ. అయినా పేరు గొడవ పూర్తిగా తీరలేదు. పెళ్ళయి ఇంటిపేరు మారుతుంది, ఓటు పుట్టింటి ఊళ్ళోనే ఉండిపోతుంది. రేషన్ కార్డులో లక్ష్మి, ఆధార్‌లో వరలక్ష్మి. ఎన్నికల రోజున వెళ్ళి పోట్లాడితే పని జరగదు. కొత్తగా పేరు చేర్చుకోవాలంటే ఫారం 6. తప్పు దిద్దుకోవాలన్నా, మకాం మారినా ఫారం 8. మీ వీధి బూత్ అధికారి దగ్గర దొరుకుతాయి, ఫోనులోనూ నింపొచ్చు. మీది చూసుకున్నాక, మీ ఇంట్లో పనిచేసే మనిషి పేరు కూడా ఒకసారి చూసి పెట్టండి.