పెట్టిన అన్నానికి లెక్క చెప్పాలి

(ముక్తేశ్వరంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వృద్ధాశ్రమాల్లో తిండి గురించి మాట్లాడమన్నారు. హింస, ఆస్తి హక్కు, కూలి రేట్లు ఇన్ని సమస్యలుండగా ఇదొక విషయమా అని కొందరికి అనిపించవచ్చు. కానీ ఆశ్రమంలో చేరిన మనిషికి ఇల్లు పోయింది, తన వంటిల్లు పోయింది, చేతిలో డబ్బు ఆడదు. పెట్టింది పాడైనా, చాలకపోయినా మరో దారి లేదు. ఇంటిల్లిపాదికీ వండి వడ్డించి, ఆఖరున మిగిలింది తిన్న ఆడమనిషి ముసలితనంలో కూడా మిగిలిందే తినాలా? ఇదీ మన ముందున్న ప్రశ్న.

కోనసీమకు అన్నం పెట్టడంలో పెద్ద పేరుంది. ఇక్కడికి దగ్గర్లోనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వచ్చేపోయే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. ఆవిడ మీద మన గౌరవం ఎక్కడికీ పోదు. అయితే ఒక తేడా గమనించాలి. బాటసారి ఒక పూట తిని, చల్లగా ఉండమని దీవించి, తన దారిన పోయేవాడు. ఆశ్రమంలో ఉన్న ఆమె ఎక్కడికీ పోదు. ఏళ్ల తరబడి ఆ వంటశాల మీదే బతకాలి. ఒక పూట అన్నానికి కృతజ్ఞత చాలు. ఏళ్ల తరబడి పెట్టే అన్నానికి లెక్క ఉండాలి. ఏం పెట్టారు, ఎప్పుడు వండారు, ఏ నీళ్లతో వండారు, తిన్నవాళ్లు ఎలా ఉన్నారు అన్నది ఆ లెక్క.

ఆశ్రమాల్లో తిండి ఎలా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. ఎవరిదో పుట్టినరోజు, ఎవరిదో ఆబ్దికం. కార్తీకమాసంలో ఇటు ముక్తేశ్వరం, అటు రేవు దాటితే కోటిపల్లి, భక్తులతో పాటు దాతలూ వస్తారు. ఆ రోజు పులిహోర, గారెలు, బొబ్బట్లు, ఫోటోలు. షుగరున్న ఆమెకూ బొబ్బట్టే, పళ్లు లేని ఆమెకూ గారే. మర్నాడు నీళ్ల చారు. పెళ్లింట మిగిలిన అన్నం, కూరలు రాత్రి పదింటికి ఆటోలో వస్తాయి. 'పారబోసేకంటే నయం కదా' అంటారు.

ఆ మాట ఎంత ప్రమాదమో 2024 ఆగస్టులో చూశాం. అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఒక ట్రస్టు నడిపే వసతి గృహంలో, బయటి నుంచి తెచ్చిన తిండి తిని పిల్లలు చనిపోయారు. అది పిల్లల గృహం. కానీ ఎవరో తెచ్చింది కాదనలేక తినే నిస్సహాయత అక్కడి పిల్లలకూ, ఇక్కడి ముసలివాళ్లకూ ఒకటే.

అన్నం ఉడికినా కొన్ని సూక్ష్మక్రిములు విత్తనాల్లా బతికే ఉంటాయి. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషాన్ని వదులుతాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే వండినదాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దనీ, వడ్డించేదాకా 60 డిగ్రీల పైన వేడిగానో, 5 డిగ్రీల లోపు చల్లగానో ఉంచాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వయసు పైబడ్డాక కడుపులో ఆమ్లం తగ్గుతుంది, దాహం సరిగా తెలియదు. వయసులో ఉన్నవాళ్లు తట్టుకునే విరేచనాలు ముసలామెను ఒక్క రోజులో మంచం పట్టిస్తాయి. ఆమె చనిపోతే 'వయసైపోయింది' అంటారు. తిండి సంగతి ఏ రిజిస్టరులోనూ ఉండదు.

'ఉచితంగా పెడుతున్నాం, మాకు చట్టమేమిటి?' అనే నిర్వాహకులున్నారు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. లాభం కోసమైనా కాకపోయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ఆహారం తయారుచేసి అందించే సంస్థ దాని కిందికి వస్తుందని నిర్వచనంలోనే ఉంది. చిన్న వంటశాలకు రిజిస్ట్రేషన్, పెద్దదానికి లైసెన్సు ఉండాలి. ఆ 14 అంకెల నంబరు నలుగురికీ కనబడేట్టు పెట్టాలి. విందుల్లో మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి కూడా 2019లో నిబంధనలు వచ్చాయి. ఆ పదార్థం ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పటిలోగా తినాలో గిన్నె మీద రాసి ఉండాలి.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. దాని 19వ సెక్షను జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు అంటుంది. వాటిలో సేవల ప్రమాణాలను రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించవచ్చని కూడా ఉంది. కానీ అక్కడున్నది 'పెట్టవచ్చు' అన్న మాట, 'పెట్టాలి' అని కాదు. ఆ ఒక్క మాట సందులోంచి ప్రభుత్వం బాధ్యత జారిపోతోంది. వృద్ధురాలు దాతల దయకు మిగిలిపోతోంది.

వంట చేసే ఆమెను కూడా మరవకూడదు. ఆమె కూడా చాలాచోట్ల మనలాంటి పేద ఆడదే. ఒక్కతే అందరికీ వండాలి. మానేస్తే జీతం కోత. అందుకని విరేచనాలు పట్టుకున్నా వచ్చి వండుతుంది. ఏదైనా జరిగితే ముందు ఆమె మీదే నెట్టేస్తారు. జబ్బు చేసిన రోజు జీతంతో సెలవు, సబ్బు, మంచినీళ్లు, మూతలున్న డబ్బాలు ఇవ్వడం నిర్వాహకుల బాధ్యత. అవి ఇవ్వకుండా శుభ్రత గురించి ఆమెకు పాఠాలు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

'గట్టిగా అడిగితే ఆశ్రమం మూసేస్తారు, ముసలివాళ్లు రోడ్డున పడతారు' అన్న భయం ఉంది. అది ఉత్త భయం కాదు. ఎదురు మాట్లాడితే వెళ్లగొడతారని లోపలి వాళ్లూ నోరు విప్పరు. కాబట్టి జాగ్రత్తగా పనిచేయాలి. నా సూచనలు ఇవి:

1. ఆశ్రమానికి వెళ్లినప్పుడు హాలులో కూర్చుని రాకండి. వంటశాల, సరుకుల గది, నీళ్ల తొట్టి చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. లేకపోతే దరఖాస్తు పెట్టించడానికి సాయం చేయండి.

2. వృద్ధులతో నిర్వాహకుల ఎదుట కాకుండా విడిగా మాట్లాడండి. రాత్రి ఎన్నింటికి తిన్నారు, మళ్లీ పొద్దున ఎన్నింటికి పెట్టారు, పళ్లు లేనివాళ్లకూ షుగరున్నవాళ్లకూ ఏం చేస్తున్నారు అని అడగండి. ఫిర్యాదు సంఘం పేరు మీదే వెళ్లాలి, ఆమె పేరు మీద కాదు.

3. ఎవరికి ఎప్పుడు వాంతులు, విరేచనాలు అయ్యాయో, ఆ ముందు ఏం తిన్నారో రాసే పుస్తకం ఒకటి పెట్టించండి. ఒకేసారి ఇద్దరు ముగ్గురు పడిపోతే ఆలస్యం చేయవద్దు. ఆసుపత్రికి చేర్చి, ఆహార భద్రతా అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి. వృద్ధుల సహాయవాణి 14567కు ఫోను చేయండి.

4. దాతలతో మాట్లాడండి. మిగిలిన విందు బదులు పప్పు, నూనె, గుడ్లు, పాలు ఇమ్మనండి.

5. మనది వరద సీమ. 2022 జూలైలో లంకలు మునిగినప్పుడు చుట్టూ నీరే, తాగడానికి నీళ్లు కరువు. గోదావరి పొంగే నెలలకు ముందే ఆశ్రమంలో పొడి సరుకులు, వంటచెరకు లేక గ్యాసు, కాచి పెట్టుకునే నీళ్లకు పాత్రలు ఉన్నాయో లేదో చూడాలి.

6. ప్రతి ఆశ్రమంలో వారానికి ఏం వండాలో నిర్ణయించే కమిటీలో అక్కడుండే స్త్రీలు ఉండాలి. జీవితమంతా వంటిల్లు నడిపినవాళ్లు వాళ్లు. చెడిన పప్పు వాసన పట్టడం వాళ్లకు ఏ అధికారీ నేర్పనక్కరలేదు.

మన జిల్లాలోని ఆశ్రమాల పట్టిక, వాటి వంటశాలల రిజిస్ట్రేషన్ వివరాలు, గత ఏడాది జరిగిన తనిఖీల నివేదికలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద ఈ వారంలోనే దరఖాస్తు పెడదాం. ఒక్కొక్కరు ఒక్కో మండలం బాధ్యత తీసుకోండి. వచ్చిన సమాధానాలతో అమలాపురంలో కలెక్టరు గారి దగ్గరికి అందరం కలిసి వెళదాం.