కథకు ముందు కొలత

పాతకథను పెంచి వ్రాయగోరు మన యువకులు నడుమనే కలము దించుచున్నారు. వారి కొక్క మాట. అల్లసాని పెద్దన మనుచరిత్రమునకు మూలము మార్కండేయపురాణమందలి స్వారోచిష మనువు జన్మకథ. ఆ పురాణమును మారన అంతకుముందే తెనిగించెను. పెద్దన ఆ కథను 6 ఆశ్వాసముల ప్రబంధముగా పెంచెను. ప్రవరుడు వరూధినికి లొంగినచో గంధర్వునకు మాయారూపముతో పని లేదు. స్వరోచి జన్మింపడు, మనువును జన్మింపడు. కావున ప్రవరుని నిష్ఠ ఈ కథకు సరిహద్దురాయి. హిమాలయ వర్ణనము, వరూధిని విరహము, స్వరోచి వేట ఆ హద్దులోపల పండిన పంటయే. మీరును ముందుగా కథాంతమును, మార్చరాని ఘట్టములను కాగితముపై వ్రాసికొనుడు. పిమ్మట ఏ ఆశ్వాసమున కథ ఎంతవరకు నడువవలయునో పద్దు వేయుడు. గట్టు చూడక దున్నినవాడు పొరుగుచేను దున్నును.