స్పోర్ట్సు కారుకు క్రొత్త క్లచ్చి

సభాసదులలో చాలమందికి చిన్ననాటి బియ్యపు మిల్లు జ్ఞాపకముండవచ్చును. ఒక మూల నూనె ఇంజను, ఇంకొక మూల వడ్లాడించు యంత్రము, రెంటికిని నడుమ పొడుగాటి బెల్టు. వడ్లు ఒక్కసారిగా ఎక్కువ పోసినచో బెల్టు చక్రముపై జారెడిది. ఇంజను తన వేగమున తాను తిరుగుచునే యుండెడిది; యంత్రము మాత్రము మందగించెడిది; కాలిన వాసన వచ్చెడిది. మిల్లు పనివాడు గుగ్గిలపు పొడి తెచ్చి బెల్టునకు రాచినచో పట్టు మరల కుదిరెడిది. అయితే అనుభవము గల పనివాడు గుగ్గిలమును మితముగనే వాడెడివాడు. బెల్టు బొత్తిగా జారనిచో, యంత్రములో ఏ రాయియో పడి బిగిసిననాడు బెల్టైన తెగవలెను, ఇరుసైన మెలిపడవలెను. కొంత జారుడు యంత్రమునకు రక్ష.

మోటారు కారులో ఆ బెల్టు చేయు పనిని క్లచ్చి చేయుచున్నది. ఇంజను వెనుక బిగించిన బరువైన చక్రము ఫ్లైవీలు. దానికెదురుగా ప్రెషర్ ప్లేటు. ఈ రెంటి నడుమ, ఇరుప్రక్కల రాపిడి పదార్థము తాపడము చేసిన పలుచని పళ్ళెము. దీనినే క్లచ్చి ప్లేటందురు. స్ప్రింగు బలముచేత పళ్ళెము ఫ్లైవీలునకు అదిమిపెట్టబడి యున్నంతసేపు ఇంజను శక్తి గేర్‌బాక్సునకు చేరును. పెడలు తొక్కినచో పట్టు వీడును. సామాన్యమైన కారులో తయారీదారులే లెక్క చూచి దీనిని అమర్చుదురు గనుక యజమాని యోచింపవలసిన దేమియు లేదు. కారు ఇంజను బలమును యజమాని తానుగా పెంచుకొన్ననాడే చిక్కు వచ్చును. ఎంత పట్టు గల క్లచ్చి వేయవలెను? మిల్లు పనివాని భాషలో, ఎంత గుగ్గిలము రాయవలెను?

దీనికొక ఉదాహరణము గ్రహింపవచ్చును. మాజ్డా సంస్థ 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనమున ఎం.ఎక్స్.-5 అను రెండు సీట్ల చిన్న కారును లోకమునకు చూపినది. హిరోషిమాలో తయారైన ఈ కారునకు అమెరికాలో మియాటా యను పేరు స్థిరపడినది. 2000వ సంవత్సరమున, అప్పటికి 5,31,890 కార్లు తయారై, ప్రపంచములో అత్యధికముగా అమ్ముడుపోయిన రెండు సీట్ల స్పోర్ట్సు కారుగా ఇది గిన్నిస్ గ్రంథమున కెక్కినది. తొలి కార్ల బరువు 1,000 కిలోలకు లోపే. ఇంజను 1,598 ఘన సెంటీమీటర్లది. దాని మెలిత్రిప్పు బలము, అనగా టార్కు, సుమారు 136 న్యూటన్ మీటర్లు. క్లచ్చి ప్లేటు వ్యాసము 200 మిల్లీమీటర్లు.

అట్టి పాత కారొకటి టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయు తెలుగు యువకుని చేతికి వచ్చినదనియు, అతడు దానికి టర్బోచార్జరు అమర్చెననియు ఊహింపవచ్చును. ఇంజను పీల్చుగాలిని సగమంత అదనపు ఒత్తిడితో లోనికి పంపినచో టార్కు సుమారు ఒకటిన్నర రెట్లగును; అనగా 204 న్యూటన్ మీటర్లు. పాత క్లచ్చి ఇంజను బలము కంటె మూడు పాళ్ళు, పది పాళ్ళకు మూడు పాళ్ళు, ఎక్కువ మోయగలదనుకొన్నను దాని శక్తి 177తో సరి. ఇక జారక తప్పదు.

జారుట మొదట పై గేరులలోనే తెలియును. క్రింది గేరులో ఇంజను క్షణములో వేగమందుకొనును; దాని బలములో కొంత తన చక్రములనే త్వరగా త్రిప్పుకొనుటకు ఖర్చగును. నాలుగవ గేరులోనో అయిదవ గేరులోనో పూర్తి బలము చాలసేపు క్లచ్చి మీదుగా పోవలెను. అప్పుడు ఇంజను వేగము చూపు ముల్లు చివాలున లేచును. కారు వేగము చూపు ముల్లు కదలదు. లారీని దాటిపోవుటకు ప్రక్కకు వచ్చి, ఎదుట మరొక బండి కనబడుచుండగా ఇట్లు జరిగినచో దాని ఫలితము క్లచ్చి ఖరీదుతో కొలువదగినది కాదు.

ఈ దశలో యువకు డంగడి పుస్తకము తెరచును. అందు మొదటి స్టేజీ, రెండవ స్టేజీ, మూడవ స్టేజీ అను పేర్లతో క్లచ్చిలు వరుసగా కనబడును. ఈ స్టేజీలకు అందరును అంగీకరించిన కొలత యేదియు లేదు. ఒకరి రెండవ స్టేజీ ఇంకొకరి మొదటిదానికంటె బలహీనము కావచ్చును. చూడవలసినది అంకె కాదు. ఎన్ని న్యూటన్ మీటర్లు మోయునో తయారీదారు వ్రాసియిచ్చిన మాట. అది లేనిచో ఆ సరకును విడిచిపెట్టుటయే మేలు.

క్లచ్చి మోయగల టార్కు నాలుగు విషయములపై ఆధారపడును. స్ప్రింగు అదుము బలము, తాపడపు రాపిడి గుణకము, రాపిడి జరుగు చోటి సగటు వ్యాసార్ధము, రాపిడి ముఖముల సంఖ్య. ఈ నాలుగింటిని గుణించినచో జవాబు వచ్చును. కావున పట్టు పెంచుటకు మార్గములును నాలుగే, ప్రతి మార్గమునకును సుంకము కలదు.

స్ప్రింగు బలము పెంచుట సులభము. కాని పెడలు బరువెక్కును. అంతేకాక, పెడలు తొక్కినంతసేపు ఆ బలమంతయు ఇంజనులోని క్రాంక్‌షాఫ్టును ముందునకు నెట్టుచుండును. దాని నాపు పలుచని థ్రస్టు బేరింగు అరిగినచో ఇంజను విప్పవలసినదే. రాపిడి గుణకము పెంచుటకు లోహపు పొడులను కాల్చి గట్టిపరచిన సింటర్డ్ ముక్కలు గల ప్లేట్లున్నవి. ఇవి వేడికి వెరవవు. పందెములలో వీనికి సాటి లేదు. కాని సందుగొందులలో కారును మెల్లగా కదల్చబోయిన కోడెదూడవలె ఎగిరిపడును. అదే కారును యువకుని భార్య ప్రతి ఉదయము రద్దీలో ఆఫీసునకు నడుపుచున్నచో, మూడవ దినమున ఇంట జరుగు సంభాషణ నూహించుట కష్టము కాదు. ఇక ముఖముల సంఖ్య పెంచుటకు జంట ప్లేట్ల క్లచ్చి కలదు. అది శ్రేష్ఠమే, గాని ఖరీదు మిక్కుటము. 200 న్యూటన్ మీటర్ల ఇంజనునకు అది పిచ్చుకపై బ్రహ్మాస్త్రము.

మిగిలినది వ్యాసార్ధము. ఇక్కడ మాజ్డా సంస్థయే తెలియక మేలు చేసినది. 1994 నమూనా మొదలుకొని ఈ కారునకు 1,839 ఘన సెంటీమీటర్ల ఇంజను, 215 మిల్లీమీటర్ల క్లచ్చి వచ్చినవి. ఆ ఫ్లైవీలు, ఆ క్లచ్చి పాత ఇంజనునకును అమరును. తాపడపు వెడల్పు 35 మిల్లీమీటర్లని లెక్కకు గైకొన్నచో సగటు వ్యాసార్ధము పాతదానిలో 82.5, క్రొత్తదానిలో 90 మిల్లీమీటర్లు. 204 పై నాలుగవ వంతు అదనముగా చేర్చి 255 న్యూటన్ మీటర్లు లక్ష్యముగా పెట్టుకొని, రాపిడి గుణకము 0.3 అనుకొన్నచో, పాత ప్లేటునకు 5,150 న్యూటన్ల అదుము బలము కావలెను. పెద్ద ప్లేటునకు 4,720 చాలును. ఆ తేడా ప్రతి దినము ఎడమకాలికి మిగులును.

నాలుగవ వంతు అదనమే యేల, రెట్టింపు పట్టు గలది వేసినచో నిశ్చింత కదా యని కొందరందురు. ఇక్కడనే మిల్లు పనివాని తెలివి యక్కరకు వచ్చును. ఈ కారు అయిదు గేరుల పెట్టె చిన్న ఇంజను కొరకు పుట్టినది. పెంచిన బలమును కొంతవరకే భరించును. ఇంజనును గిర్రున త్రిప్పి పెడలును చటుక్కున వదలినప్పుడు ఫ్లైవీలులో దాగిన ఊపంతయు ఒక్క దెబ్బగా గేరుల పండ్లపై పడును. మితమైన క్లచ్చి ఒక్క క్షణము జారి ఆ దెబ్బను మ్రింగును. జారని క్లచ్చి దానిని యథాతథముగా లోపలికి పంపును. క్లచ్చి ప్లేటు పోయిన ఒక దినపు పని. గేర్‌బాక్సు పోయిన నెల జీతము.

దెబ్బ అంతటితో ఆగనిచోట్లును ఉన్నవి. 1970 మార్చి 8వ తేదీన కాలిఫోర్నియాలోని లయన్స్ పందెపు బాటపై డాన్ గార్లిట్స్ అను ప్రఖ్యాత సారథి కారు కదలిన తక్షణమే అతని కాళ్ళ దగ్గరనున్న గేర్‌బాక్సు ప్రేలి కుడిపాదములో కొంత భాగమును తెగవేసినది. అతడు కోలుకొని, ఇంజను సారథి వెనుక నుండునట్లు క్రొత్త కారు నిర్మించుకొని 1971లో పందెములు గెలిచెను. ఆ వేగపు కార్ల రూపమే తరువాత మారిపోయినది. వీధిలో తిరుగు చిన్న కారు అంతటి బలము గలది కాదు. అయినను తిరుగుచున్న లోహపు చక్రముపై పడు ఒత్తిడి వేగపు వర్గమును బట్టి పెరుగునను సూత్రము దానికిని వర్తించును. నిమిషమునకు 3,500 చుట్లకంటె 7,000 చుట్ల వద్ద అది నాలుగు రెట్లు. పాత పోత ఇనుప ఫ్లైవీలును తరణి పట్టించి తేలిక చేయించువారు ఈ లెక్క ఒకసారి వేసికొనవలెను. తేలికైనది కావలసినచో ఉక్కుతో చేసి పరీక్షింపబడినదానినే కొనవలెను.

ఇక అమరిక. ఇద్దరు మనుష్యులకు ఒక పూర్తి దినపు పని. మొదట బ్యాటరీ తీగ విప్పి, కారును సమతలమైన సిమెంటు నేలపై నాలుగు స్టాండ్ల మీద నిలుపవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. జాకీ నొక్కదానినే నమ్మి కారు క్రిందికి దూరినవాడు ప్రాణమును ఒక రబ్బరు వాషరునకు తాకట్టు పెట్టినట్లే.

గేరు కర్రను కారు లోపలినుండియే తీసివేయవలెను. గేర్‌బాక్సు నూనెను ముందుగా దింపనిచో ప్రొపెల్లరు షాఫ్టు లాగిన తోడనే అది పనివాని మొగముపై పడును. ఈ కారులో గేర్‌బాక్సును వెనుక డిఫరెన్షియలుతో కలుపు అల్యూమినియపు దూలమొకటి కలదు. దానిని విప్పుటకు ముందే రెండు కొసలను క్రిందినుండి ఆనించి యుంచవలెను. స్లేవు సిలిండరును గొట్టము విప్పకుండగనే ప్రక్కకు కట్టవచ్చును. గేర్‌బాక్సు పైభాగపు బోల్టులు చేతికందవు, కంటికి కనబడవు. వానికి పొడుగాటి కడ్డీలు తగిలించిన స్పానరును, ఓర్పును కావలెను. మధ్యాహ్న భోజనము చల్లారునది సాధారణముగా ఈ బోల్టుల దగ్గరనే.

గేర్‌బాక్సు దిగిన పిమ్మట లోపల పేరుకొన్న నల్లని ధూళిని గాలితో ఊదరాదు. పూర్వము క్లచ్చి తాపడములలో ఆస్బెస్టాసు నార విరివిగా వాడెడివారు. బ్రిటను దానిని 1999లో నిషేధించినది. పాత కారులో ఎవరు ఎప్పుడు ఏ ప్లేటు వేసిరో చెప్పలేము. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారవేయవలెను.

విప్పిన పాత ప్లేటును నిదానముగా చూడవలెను. సమముగా అరిగినచో దాని ఆయుష్షు తీరినది. అద్దమువలె మెరసినచో వేడికి కాలినది. నూనె తడిసియున్నచో దోషము క్లచ్చిది కాదు. క్రాంక్‌షాఫ్టు వెనుక సీలుది. ఆ సీలు మార్చక క్రొత్త ప్లేటు వేసినవాడు కొన్ని వారములలో ఈ పనియంతయు మరల చేయును. పైలట్ బేరింగు, రిలీజు బేరింగు స్వల్పపు వెల గలవి గనుక, పెట్టె దిగినప్పుడే మార్చుట ఉచితము.

ఫ్లైవీలు ముఖమును జిడ్డు లేకుండ కడిగి, దాని బోల్టులను తయారీదారు చెప్పిన బిగువునకు టార్కు రెంచితో బిగింపవలెను. క్లచ్చి ప్లేటునకు ముందు వెనుకలు కలవు. తారుమారైనచో మధ్యనున్న స్ప్రింగులు ఫ్లైవీలు బోల్టులకు తగిలి క్లచ్చి విడదు. ఆ సంగతి కారంతయు మరల బిగించి ఇంజను నడిపించిన తరువాతగాని తెలియదు. ప్లేటును నడిమికి తెచ్చుటకు మరకడ్డీ వంటి పనిముట్టును దూర్చి యుంచి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. స్ప్లైనులకు గ్రీజు చిటికెడు చాలును. ఎక్కువైనది చిమ్మి తాపడముపై పడును.

గేర్‌బాక్సును మరల ఎక్కించునప్పుడు దాని బరువు ముందు షాఫ్టుపై వ్రేలాడరాదు. ప్లేటు నడిమి భాగము వంగును. చివరి అంగుళము దూరకున్నచో బోల్టులతో లాగి కూర్చోబెట్టుట కొందరి అలవాటు. అది పెట్టె చెవులు విరుగు మార్గము. దూరలేదనగా ప్లేటు నడిమికి రాలేదనియే అర్థము, దింపి సరిచేయవలెను. అన్నియు కుదిరిన పెట్టె చేతి నెట్టుతోనే లోనికి పోవును.

నూనె పోసి, పెడలునకు కొంచెము వదులుండునట్లు సరిచేసి కారును దింపిన తరువాత, పూర్తి బలము వాడుటకు తొందరపడరాదు. కొన్ని వందల కిలోమీటర్లు ఊరిలో మెల్లగా, మాటిమాటికి ఆగుచు నడిపిన గాని తాపడము ఫ్లైవీలుతో సంపూర్ణముగా ఒరసికొనదు. ప్రతి కదలికకును క్లచ్చి వేడెక్కును. 1,000 కిలోల కారు నిలుకడనుండి గంటకు 18 కిలోమీటర్ల వేగమందుకొనునప్పుడు దానికి చేరు శక్తి 12,500 జౌళ్లు. కనీసము అంతయే క్లచ్చిలో వేడిగా మారును. అది 4 కిలోల ఇనుమును సుమారు 7 డిగ్రీలు వేడిచేయును. వంతెన ఎక్కుడున బ్రేకు వేయక సగము క్లచ్చిపై బండిని నిలబెట్టు అలవాటు ఢిల్లీ రద్దీలో మనవారికి చిరపరిచితము. అక్కడ ఈ వేడికి అంతు లేదు.

గడువు తీరిన పిమ్మట ఒక ఉదయము, ఖాళీయైన ఎక్కుడు బాటపై, నాలుగవ గేరులో మధ్య వేగమునుండి యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి చూడవలెను. రెండు ముళ్ళును జతగా లేచినచో పని కుదిరినది. ఇంటికి చేరి, పెట్టె అడుగున నూనె చుక్క యేమైన ఉన్నదేమో క్రింద ఒక అట్టముక్క పరచి, మరునాటి ఉదయము దానిని చూడవలెను.