రాత్రి దమ్ముకి చిన్న ట్రాక్టరు: వర్క్ లైట్లు ఎక్కడ పెట్టాలి, వైరింగు ఎలా లాగాలి

దివిసీమ శివారు భూముల్లో సేద్యం చేసేవాళ్లకి ఈ వీడియో ఎందుకో చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు పైన చేలన్నీ తడుపుకుంటూ నాగాయలంక, కోడూరు వైపు వచ్చేసరికి ఏ వేళవుతుందో ఎవరూ చెప్పలేరు. వంతు రాత్రి పదకొండింటికి వస్తే పదకొండింటికే మడికి నీళ్లు పెట్టాలి, వెంటనే దమ్ము మొదలెట్టాలి. తెల్లారేసరికి ఊడుపు కూలీలు గట్టు మీద ఉంటారు. కోతలప్పుడు ఇంకో హడావిడి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి హెచ్చరిక వచ్చిన రాత్రి పనల మీదున్న వరి కుప్పెయ్యాలన్నా, ఆరబోసిన ధాన్యం ఎత్తాలన్నా ట్రాక్టరు వెలుగే దిక్కు.

ఇప్పుడు మీరు చూస్తున్నది 24 హార్స్‌పవర్ బండి. కుబోటా నియోస్టార్, మహీంద్రా జీవో, ఆ తరగతి. దీని హెడ్‌లైట్లు బానెట్టు ముందు, బాగా కిందగా ఉంటాయి. రోడ్డు మీద వెళ్లడానికి అవి చాలు. మరి దమ్ములో పని జరిగేదెక్కడ? వెనకాల, రోటావేటరు దగ్గర. అందుకే ముందువైపు పెద్ద లైట్ బార్ కొనేముందు వెనక్కి చూడమంటాను. రెండు మడ్‌గార్డుల మీద చెరొకటి, 18 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటు, రోటావేటరు రెండు చివర్లూ కనపడేలా కిందికి వంచి పెట్టండి. పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. చీకట్లో ఆ పక్కకి ఎవరైనా వస్తే డ్రైవరుకి తెలియాలి కదా. మొదటి ఖర్చు అక్కడ పెట్టాలి.

ఫ్లడ్ అంటే వెలుగు వెడల్పుగా పరుచుకునేది, స్పాట్ అంటే సన్నగా దూరం పోయేది. చేలో పనికి ఫ్లడ్ కావాలి. మూడెకరాల మడిలో రెండు వందల మీటర్ల అవతల కొబ్బరిచెట్టు కనపడితే మనకేం లాభం?

ముందువైపు పెట్టే రెండు లైట్ల దగ్గర నీళ్లున్న మడికి ఒక చిక్కుంది. నిలవ నీళ్లు అద్దం లాంటివి. కింద నుంచి వాలుగా కొట్టిన వెలుగు నీటి మీద జారి అవతలి గట్టుకి పోతుంది, మన కంటికి తిరిగి రాదు. ఎంత పెద్ద లైటు పెట్టినా ఎదురుగా నల్లగానే ఉంటుంది. అదే లైటుని పైకెక్కించి, బండికి నాలుగైదు మీటర్ల ముందు పడేలా కిందికి వంచితే బురద రంగు తేలుతుంది, తొక్కిన సాలు ఏదో, తొక్కనిది ఏదో తెలుస్తుంది. కాస్త పక్కకి తిప్పితే ఇంకా మంచిది. ఇనప చక్రాల అచ్చులకి నీడలు పడతాయి, ఆ నీడలే సాలు చూపిస్తాయి. వెలుగు బానెట్టు మీద పడి కళ్లలోకి కొడుతుంటే బ్రాకెట్టు కొంచెం ముందుకి జరపండి. బండికి రోల్‌బార్ ఉంటే దానికి మాత్రం డ్రిల్లుతో బెజ్జం పెట్టకండి. బండి తిరగబడితే ప్రాణం కాపాడే ఇనుము అది, క్లాంపుతోనే బిగించండి.

ఐదో లైటు గురించి ఎవరూ చెప్పరు, నేను పట్టుబట్టి చెబుతాను. ఎక్కే మెట్టు కింద ఒక చిన్న పది వాట్ల లైటు, కాలు పెట్టే నేల మీద పడేలా. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంత పెరిగాయో గుర్తుందా? అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి ఒకరి వెనక ఒకరు వచ్చారు, మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. ఇంజన్ సౌండుకి పాము పోతుందిలే అనుకుని గట్టు మీదకి దిగకండి. ముందు నేల కనపడాలి, కాళ్లకి బూట్లుండాలి.

రంగు మాట. షాపులో తెల్లగా మెరిసేది 6000 కెల్విన్ పైన ఉంటుంది. ఎల్ఈడీ తెలుపుకి మూలం నీలం చిప్పు, దాన్ని కనిపెట్టినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ వచ్చింది. ఆ నీలం ఎక్కువున్న వెలుగుకి పురుగులు విపరీతంగా ముసురుతాయి. 3000, 4000 కెల్విన్ మధ్యది దొరికితే అదే తీసుకోండి.

ఇక కరెంటు లెక్క. వాట్లని 12తో భాగిస్తే ఆంపియర్లు. 18 వాట్లవి నాలుగు, అంటే 72 వాట్లు, 6 ఆంపియర్లు. మెట్టు లైటుతో కలిపి ఏడులోపే. పాత 55 వాట్ల హాలోజెన్లు రెండు పెట్టినా తొమ్మిది దాటేవి. 300 వాట్లని స్టిక్కరు అంటించిన బార్ చూశారా? అది నిజమైతే 25 ఆంపియర్లు లాగాలి. దానికిచ్చిన వైరు మీ చెవి దుద్దు కాడంత ఉంటే, స్టిక్కరు అబద్ధమో వైరు ప్రమాదమో, రెండిట్లో ఒకటి ఖాయం.

హెడ్‌లైటు వైరు కోసి దానికే కలపొద్దు. బ్యాటరీ ప్లస్ నుంచి విడిగా లైను లాగండి. బ్యాటరీకి జానెడు దూరంలోపే 10 ఆంపియర్ల ఫ్యూజు. అక్కణ్నుంచి రిలే 30వ పిన్నుకి. 87 నుంచి లైట్లకి. 85 ఎర్తుకి. 86కి డాష్‌బోర్డు స్విచ్చి, ఆ స్విచ్చికి కరెంటు తాళం తిప్పితే వచ్చే వైరు నుంచి. తాళం తీస్తే లైట్లూ ఆరిపోతాయి. ఎందుకంటారా, ధాన్యం బస్తాలు ఎత్తేటప్పుడు ఇంజన్ ఆపి లైట్లు వేసుకోవడం మనకి అలవాటు. 50 ఏఎచ్ బ్యాటరీ నుంచి 6 ఆంపియర్లు నాలుగు గంటలు లాగితే సగం ఖాళీ. చేలో సెల్ఫ్ కొట్టదు.

వైరు 2.5 స్క్వేర్ ఎంఎం. పోను, రాను కలిపి ఎనిమిది మీటర్లు అనుకుంటే అందులో పోయే వోల్టేజీ సుమారు 0.35. అదే 0.75 సన్న వైరులో ఒక వోల్టు పైనే పోతుంది.

ఇక్కడ కొంచెం ఆగుతాను, బందరు గాలిలో లైటు కంటే ముందు చచ్చిపోయేది జాయింటు. దగ్గరగా చూడండి. టేపు విప్పుతున్నాను. లోపల రాగి తీగలు నల్లబడి, పచ్చగా చిలుం పట్టి, గోటితో తాకితే రాలుతున్నాయి. మెలేసి టేపు చుట్టిన జాయింటు ఇది. ఉప్పు తేమ టేపు అంచు నుంచి దూరి, తీగల మధ్య నుంచి పాకుతుంది. అరఓము రెసిస్టెన్సు పెరిగిందనుకోండి. 6 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి 18 వాట్లు. అంటే ఒక లైటుకి పెట్టిన పవరంతా ఆ ముడిలో మండుతోంది. హాలోజెన్ అయితే వెలుగు గుడ్డిదై చెప్పేది. ఎల్ఈడీ అలా చెప్పదు. లోపల డ్రైవరు సర్క్యూటు ఉంటే వోల్టేజీ తగ్గినకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది, లైటు బాగానే వెలుగుతూ ఉంటుంది, జాయింటు మాత్రం ఇంకా కాలుతుంది. వైరింగు కరిగాక గానీ మనకి తెలీదు.

అందుకని జాయింట్లు వీలైనన్ని తగ్గించండి. తప్పనిచోట లగ్గు గట్టిగా నొక్కి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ స్లీవు వేసి వేడి చేయండి. కనెక్టర్లలో వాజిలిన్ పట్టించండి. మడ్‌గార్డు బోల్టుని ఎర్తుగా నమ్మకండి, పెయింటు ఒకపక్క, తుప్పు ఒకపక్క. నెగటివ్ వైరు కూడా బ్యాటరీ దాకా లాగండి. వైరు ఇనుములోంచి దూరే ప్రతిచోటా రబ్బరు బుష్ ఉండాలి. లైటు మీద ఐపీ67 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషరు గన్ను కొట్టినా తట్టుకుంటుందని కాదు, దానికి ఐపీ69కే ఉండాలి.

బిగించాక మల్టీమీటరు పెట్టండి. పని స్పీడులో ఇంజన్, అన్ని లైట్లూ ఆన్. బ్యాటరీ దగ్గర 13.5 వోల్టుల పైన చూపిస్తే ఆల్టర్నేటరు మోస్తోంది. 12.6 కిందికి దిగితే బ్యాటరీ కరిగిపోతోంది, ఒక లైటు తగ్గించండి. కొత్త బండైతే ఈ పనికి వారంటీ పోతుందేమో డీలరుని ముందే అడగండి.

రోడ్డెక్కేముందు ఈ వర్క్ లైట్ల స్విచ్చి ఆపాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 111వ నిబంధన ప్రకారం అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు ఉండకూడదు. చట్టం అలా ఉంచండి. 216 జాతీయ రహదారి మీద మీ వెనక వచ్చే మోటారు సైకిలు కుర్రాడికి వెనక ఫ్లడ్ లైట్ల తెల్లటి వెలుగు కళ్లలో కొడితే మీ ట్రాక్టరుకి తగిలించిన ట్రక్కు ఎక్కడుందో కనపడదు. ట్రక్కు వెనక ఎర్ర లైట్లు పనిచేస్తున్నాయా, ఎర్ర రిఫ్లెక్టరు టేపు మీద బురద ఉందా చూసుకుని, గుడ్డతో తుడిచి, అప్పుడు రోడ్డెక్కండి.