లింగో తెరిచిన గుహ
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

జై జంగో! జై లింగో!

 

హాస్టళ్లలో చదువుకునే రోజుల్లో మనలో చాలామందికి ఒక ప్రశ్న ఎదురైంది. "మీ దేవుళ్లు గుహలో ఉండటమేంటి? ఇదంతా నిజంగా జరిగిందా?" జవాబు తెలియక తల దించుకున్నాం. కొందరం ఆ కథ చెప్పడమే మానేశాం. ఈరోజు ఆ ప్రశ్న గురించే మాట్లాడుకుందాం.

కథ మీకు తెలిసిందే. మన గోండుల పేన్‌లను, అంటే దేవుళ్లను, శంభు మహాదేవుడు గుహలో పెట్టి మూసేశాడు. పహండి కుపార్ లింగో ఆ గుహ తెరిచి వారిని బయటికి తెచ్చాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలుగా ఏర్పరచి, ఎవరికి ఎవరు అన్నదమ్ములో, ఎవరితో వియ్యమందాలో చెప్పాడు. పర్ధాన్‌లు కిక్రి వాయిస్తూ ఈ కథను తరతరాలుగా పాడుతున్నారు. ఆదిలాబాద్ గోండుల పురాణాలపై హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1948లో వచ్చింది. అంతకుముందే ఇవన్నీ మన పెద్దల నోట ఉన్నాయి.

"ఏ సంవత్సరంలో జరిగింది?" అని అడిగితే ఈ కథ బదులు చెప్పదు. "ఇందులో మన బతుకు ఎక్కడుంది?" అని అడిగితే చెబుతుంది. గుహ అంటే దారి కనిపించని స్థితి. అప్పుల్లో, అవమానంలో, భయంలో మనమూ అక్కడ ఉన్నవాళ్లమే. ఆ రాయి లోపలివాళ్ల బలంతో కదల్లేదు. బయటి నుంచి ఒకరు రావాల్సి వచ్చింది. బయటపడ్డవారికి లింగో ముందుగా ఇచ్చింది బంధుత్వం. విడుదలైన మనిషికి నా వాళ్లెవరో తెలియకపోతే ఆ స్వేచ్ఛ ఒంటరితనమే అవుతుంది.

ఇలా అర్థం చేసుకుంటే భక్తి తగ్గుతుందని భయపడక్కర్లేదు. పుష్యమాసంలో కెరమెరి మండలం కొండల్లోని జంగుబాయి గుహలోకి వెళ్లి, దర్శనం చేసుకొని వెలుగులోకి వచ్చే మన అవ్వకు ఈ అర్థం ఎవరూ విడమరచి చెప్పలేదు. ఆమె నడకలోనే అది ఉంది.

కాబట్టి ఇంటికి వెళ్లాక మన సగ ఏది, మన పెర్సా పేన్ ఎవరు అని పెద్దలను అడుగుదాం. పర్ధాన్ కథ చెబుతుంటే ఫోన్ పక్కన పెట్టి పూర్తిగా విందాం. కొత్తగా పట్నం వచ్చిన మన పిల్లలు గదిలో ఒంటరిగా ఉంటే వెళ్లి పలకరిద్దాం. లింగో చేసిన పని అదే.

జై సేవా!