మోకాలి నొప్పికి మన రక్తమే మందా?

పీటపై కూర్చుండి లేవలేకపోవుట, మెట్లు దిగునప్పుడు బాధపడుట, ఉదయమున లేవగానే మోకాలు కొంతసేపు బిగుసుకొనియుండుట, ఇవి పెద్దలున్న పెక్కు ఇండ్లలో వినవచ్చు మాటలే. వైద్యులు ఆస్టియో ఆర్థ్రైటిస్ అనెడి ఈ వ్యాధిని జనులు కీళ్ల అరుగుదల యందురు. దీనికి నేడు పలుచోట్ల చేయుచున్న చికిత్స పి.ఆర్.పి. సూది. దీనివలన మేలెంతయో విచారింతము.

తొడ యెముకయు కాలి యెముకయు కలియుచోట నున్నని మృదులాస్థి పొర కలదు. దానికి రక్తనాళములు లేవు. కనుక చర్మముపై గాయము మానినట్లు అది మానదు. వయసు, అధికమైన బరువు, పూర్వము తగిలిన దెబ్బలు, వంశము, వీనివలన ఆ పొర పలుచబడును. దాని క్రింది యెముకయు, కీలు లోపలి పొరయు, చుట్టునున్న కండరములును ఈ వ్యాధికి లోనగును.

ఇక సూది సంగతి. రక్తములో ఎఱ్ఱకణములు, తెల్లకణములు గాక రక్తఫలకికలు కలవు. డెంగ్యూ జ్వరమునాడు ప్లేట్‌లెట్లు పడిపోయినవని మనము వినునవి ఇవే. గాయమైనచోట రక్తమును గడ్డకట్టించుటయు, కణముల పెరుగుదలకు తోడ్పడు ప్రోటీనులను విడుచుటయు వీని పని. రోగి చేతినుండి కొంత రక్తము తీసి, వడిగా తిరుగు యంత్రమునం దుంచినచో బరువైన ఎఱ్ఱకణములు అడుగునకు చేరును. పాలనుండి మీగడ తీసినట్లు, ఫలకికలు దట్టముగా నున్న పచ్చని ద్రవమును వేరుచేసి మోకాలిలోనికి ఎక్కింతురు.

గాయమును మాన్పునది కీలును గూడ మాన్పదా యను ఊహ ముచ్చటైనదే. కాని ఊహ వేరు, ఋజువు వేరు.

ఆ ఋజువు కొఱకు ఆస్ట్రేలియాలోని సిడ్నీ, మెల్‌బోర్న్ నగరములలో జరిగిన పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. ఏబది యేండ్లు నిండిన 288 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పి.ఆర్.పి., రెండవదానికి ఉప్పునీరు, వారమున కొకటి చొప్పున మూడు సూదులు వేసిరి. ఎవరికేది వేసిరో రోగికిని తెలియదు, వేసిన వైద్యునికిని తెలియదు. సున్న నుండి పదివరకు గల కొలతపై, ఏడాది పిమ్మట నొప్పి పి.ఆర్.పి. వారికి సగటున 2.1, ఉప్పునీటి వారికి 1.8 తగ్గెను. ఈ తేడా లెక్కకు వచ్చునది కాదు. మృదులాస్థి తరుగుదలయు రెండు జట్లలో ఇంచుమించు సమానమే.

ఉప్పునీటి సూదికిని నొప్పి తగ్గుట గమనింపుడు. ఈ నొప్పి హెచ్చుతగ్గులు గలది. మిక్కిలి హెచ్చినప్పుడే మనము వైద్యుని కడకు పోదుము. పిమ్మట కొంత దానంతటదే తగ్గును. నమ్మకము గూడ నొప్పిని తగ్గించును. కావున పొరుగింటి పిన్నిగారికి గుణమిచ్చిన దనుట అబద్ధము కాదు. అది మందు గుణమే యనుటకు మాత్రము వీలులేదు.

మేము ఈ సూదిని నిందింప బూనలేదు. మేలు కలదని చూపిన చిన్న పరిశోధనలును కలవు. వైద్యులలో అభిప్రాయభేదము కలదు. ద్రవమును తయారుచేయు విధము చోటుచోటునకు మారుటయు ఒక చిక్కు. అమెరికాలోని కీళ్లవ్యాధుల వైద్యుల సంఘము మాత్రము 2019లో దీనిని మోకాలికి వాడవలదని గట్టిగా సూచించినది.

తల్లి మోకాళ్లకై అప్పుచేయ నెంచు కుమారుడు ముందుగా వైద్యుని అడుగవలసినవి మూడు: వ్యాధి ఏ దశలో నున్నది? మొత్తము ఖర్చెంత? ఈ సూది లేకున్న మరేమి చేయవచ్చును?

మూడవదానికి సమాధానము కలదు. తొడ కండరములకు బలమిచ్చు వ్యాయామమునకు ఋజువు గట్టిది. కుర్చీలో కూర్చుండి కాలిని ముందుకు చాచి, కొన్ని క్షణములు నిలిపి, మెల్లగా దింపుట అట్టిది. బరువు ఒక కిలో తగ్గినచో ప్రతి అడుగునను మోకాలిపై భారము నాలుగు కిలోలు తగ్గునని 2005లో అమెరికాలో ప్రకటించిన కొలతలు తెలుపుచున్నవి. నడకయే దుర్భరమైనవారికి కీలుమార్పిడి శస్త్రచికిత్స కలదు. మోకాలు ఎఱ్ఱగా వాచి జ్వరము వచ్చినచో అది అరుగుదల యని ఊరకుండరాదు. వెంటనే వైద్యుని చూడవలెను.

వ్యాయామము ఫలమిచ్చుటకు వారములు పట్టును. ఆ ఓపికకు ఇంటివారి తోడు కావలెను. ప్రతిదినము తల్లి ప్రక్కన కూర్చుండి ఆమెతో ఆ కదలికలు చేయించుటకు పైసా ఖర్చు లేదు.