కడపటి సిగరెట్టు

శ్మశాన వైరాగ్యము, పురాణ వైరాగ్యము, ప్రసూతి వైరాగ్యము అని మన పెద్దలు మూడు చెప్పినారు. సిగరెట్టు వైరాగ్యమును నాల్గవదిగా చేర్చదగునని తోపింపజేయు నవల యొకటి ఇటాలియను భాషలో ఉన్నది. అది 1923లో వెలువడిన ‘జేనో అంతరాత్మ’. రచయిత ఇటాలో స్వేవో.

స్వేవో అసలు పేరు ఎత్తోరె ష్మిత్స్. ఆనాడు ఆస్ట్రియా సామ్రాజ్యమునకు రేవుపట్టణమైన త్రియెస్తెలో 1861లో జన్మించినాడు. ఆయన మొదటి నవలలు రెంటిని లోకము పట్టించుకొనలేదు. పిమ్మట అత్తవారి ఓడరంగుల వ్యాపారములో ప్రవేశించి, చాలాకాలము నవలారచన జోలికి పోలేదు. వ్యాపారము కొరకు ఇంగ్లీషు నేర్వబోగా లభించిన గురువు జేమ్స్ జాయిస్. శిష్యునిలోని రచయితను ఆ గురువు గుర్తించినాడు.

కథానాయకుడు జేనో కలిగినవాడు, సోమరి. మానసిక వైద్యుని ఆదేశముపై స్వీయచరిత్ర వ్రాయును. సిగరెట్టు మానుటకు నిశ్చయించిన తేదీలను పుస్తకములలోను, గోడలమీదను గుర్తు పెట్టుకొనును. ఇదే కడపటిది అనుకొన్నప్పుడు ఆ పొగకు రుచి హెచ్చునట! ఒకే సాయంకాలము ముగ్గురు అక్కచెల్లెండ్రను వరుసగా వివాహమాడుమని అడుగును. ఇద్దరు కాదన్నమీదట, తాను మొదట వలదనుకొన్న అగస్టాయే అంగీకరించును. ఆమె ఉత్తమ ఇల్లాలు. అయినను జేనో పరస్త్రీని మరగును. తోడల్లుడు మరణించగా, ఆ కుటుంబపు నష్టమును పూడ్చుటకై షేర్ల బజారులో మునిగి, తుదకు పరుగున వచ్చి వేరెవరిదో శవయాత్రలో నడచును!

నవ్వు వచ్చును, కాని ఆ నవ్వు క్రింద చీకటి ఉన్నది. తండ్రి అవసానదశలో, వైద్యుని మాట ప్రకారము జేనో ఆయనను మంచముపై కదలకుండ అదిమిపట్టును. ముసలివాడు లేచి, చేయెత్తి కుమారుని చెంపపై కొట్టి, ప్రాణము విడుచును. అది శిక్షయా, మరణవేదనయా? జేనోకు జీవితాంతము తెలియదు.

ఇట్టివానిని మనమేల ద్వేషింపము? తన లోపమును అతడే పరీక్షించుకొనును గనుక. పొగ మానినచో తాను ఆశించిన మహాపురుషుడు కాగలడా అని అతనికి సందేహము. అలవాటు ఉన్నంతకాలము అసమర్థతకు ఒక సాకు ఉన్నది. అట్టి సాకును దాచుకొనని గృహస్థు ఎవడు?

నవల చివర మొదటి ప్రపంచయుద్ధము వచ్చును. యుద్ధకాలపు క్రయవిక్రయములలో లాభించిన జేనో, తనకు రోగము నయమైనదని ప్రకటించును. వెంటనే, ఎవడో ఒకడు మహాస్ఫోటక పదార్థమును కనిపెట్టి భూగోళమునే ఛిన్నాభిన్నము చేయు దినమును ఊహించును. 1945లో హిరోషిమాపై అణుబాంబు పడుటకు ఇరువదిరెండేండ్లు ముందు ప్రచురితమైన మాట యిది.

యుద్ధములను అంతము చేయు యుద్ధమని ఆ యుద్ధమును గూర్చి చెప్పుకొన్నారు. జేనో తన సిగరెట్టును గూర్చి అట్లే చెప్పుకొన్నాడు. అతని దురలవాటును చూచి నవ్వుకొన్న పాఠకునకు, పుస్తకము మూయునప్పుడు, ఈ పోలిక స్ఫురింపక మానదు.